పెళ్ళికి పెరిగిన దూరం

ఫిబ్రవరి 10

గాల్లో లెక్కలు కట్టే తమ్ముడికి, నేల మీద నడిచే అక్క రాసేది.

ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి అరుచుకుంటున్నామని, ఇకమీదట ఉత్తరాలే అని ఒట్టేసుకుని ఏడాది దాటింది. ఒట్టు నిలబడింది, ఉత్తరాలే కనపడవు. నీ ఆఖరి ఉత్తరంలో సగం మీ ఊరి వాన, సగం నీ మోకాలి నొప్పి.

నేను బాగానే ఉన్నాను. గదినిండా కట్టుడు పళ్ళు. మొన్న పళ్ళ డాక్టరు ఒకావిడని సరాసరి నా దగ్గరికే పంపేశాడు. నేను చేసిన సెట్టు పెట్టుకుంటే మొహం తనది కానట్టుందట. "ఇదివరకు ఎలా ఉండేదమ్మా?" అన్నాను. "పళ్ళు లేకుండా ఉండేది" అంది. ఇలాంటి వాళ్ళతో నా బతుకు.

అసలు సంగతి. ఏప్రిల్ ఇరవై రెండో తారీకు పొద్దున పదకొండు గంటలకి నాకు నువ్వు కావాలి. ఒక్క గంట పని. నా తరఫున నిలబడి ఒక సంతకం పెట్టాలి. నా తరఫు అంటే ఇంకెవరున్నారు, నువ్వే. ఏమిటీ, ఎందుకూ అని అడక్కు. ముందు సరేనను, ఆ తరవాత చెబుతాను.

మీ విమానాశ్రయం నుంచి మా విమానాశ్రయానికి ఎంత దూరం, ఎన్ని గంటలు పడుతుంది? విమానాల కంపెనీకి టైంటేబుల్ రాసే పెద్దమనిషివి, నీకన్నా బాగా చెప్పేవాళ్ళెవరు? సూటిగా చెప్పు. పాఠం చెప్పకు.

మరదలిని అడిగానని చెప్పు.

నీ అక్క


ఫిబ్రవరి 21

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం చదివి కంగారు పడ్డాను. సంతకమంటే, ఇల్లు అమ్ముతున్నావా? లేక ఆసుపత్రిలో ఏదైనా కాగితం మీద అడిగారా? ఆరోగ్యం సంగతి నా దగ్గర దాచకు.

పాఠం వద్దన్నావు గానీ కొంచెం చెప్పకపోతే నీకు అర్థం కాదు. గోడ మీది మ్యాపులో గీత గీస్తే వచ్చేది అసలు దూరం కాదు. భూమి గుండ్రం కాబట్టి విమానం పైకి వంగి వెళుతుంది. చూడ్డానికి చుట్టుదారిలా ఉంటుంది గానీ అదే దగ్గరి దారి. ఆ దారిన మన రెండు విమానాశ్రయాల మధ్య పదకొండు వేల రెండు వందల కిలోమీటర్లు. ఇటునుంచి అటు పదమూడు గంటలు, అటునుంచి ఇటు పద్నాలుగు. పైన గాలి ఒకే వైపు వీస్తుంది, అందుకని ఆ తేడా. అచ్చులో నేను ఇంకో ఇరవై నిమిషాలు కలిపి రాస్తాను. అప్పుడు కాస్త ఆలస్యమైనా సమయానికే దిగినట్టు, సమయానికి దిగితే ముందే దిగినట్టు. ప్రయాణికులు చప్పట్లు కొడతారు. కంపెనీలో ఈ విషయంలో నాకు మంచి పేరుంది.

మా గుమ్మం నుంచి మీ గుమ్మానికి మొత్తం పదిహేడు గంటలు. ఎంతనీ? రెండు భోజనాలు, ఒక సినిమా, ఒక నిద్ర. ఏ పనైనా సరే వస్తాను. నువ్వు పిలవడమూ, నేను రాననడమూనా? గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో.

నీ తమ్ముడు


మార్చి 3

మాటిచ్చిన తమ్ముడికి,

సరేనన్నావు కాబట్టి చెబుతున్నాను. కూర్చుని చదువు. ఇల్లు అమ్మడం లేదు. ఒంట్లో నిక్షేపంలా ఉంది. పెళ్ళి చేసుకుంటున్నాను.

లేచావా? మళ్ళీ కూర్చో.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నాకు కారు నేర్పింది ఆయనే. వాళ్ళ కారులో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు చేసే తప్పులన్నీ ఆయన కాలితో సర్దేస్తూ ఉంటారు. మొదటి రోజు నేను తిన్నగా కూరగాయల బండి మీదికి పోనిచ్చాను. ఆయన బ్రేకు తొక్కి, "ఏమైనా కొందామా?" అన్నారు. అంతే, ఇంకొక్క మాట అనలేదు. ముప్ఫై ఏళ్ళుగా కొత్తవాళ్ళ చేతుల్లో ప్రాణం పెట్టి కూర్చుంటున్న మనిషికి ఇంత శాంతం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. భార్య పోయి పదేళ్ళు. కూతురు వేరే దేశంలో ఉంది. ఆయనకి యాభై ఏడు, నాకు యాభై మూడు.

మీ బావ పోయి ఎనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళూ పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి పళ్ళు కట్టడం, సాయంత్రం ఇంటికొచ్చి గోడలకి కబుర్లు చెప్పడం. నాకు విసుగొచ్చిందిరా. ఇంట్లో తిట్టుకోవడానికైనా ఒక మనిషి కావాలి.

హాలూ లేదు, విందూ లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, తరవాత కాఫీ. ఆయన వైపు ఆయన తమ్ముళ్ళిద్దరూ వస్తారు. నా వైపు నువ్వొక్కడివి నిలబడితే నాకు చాలు. దిక్కూ మొక్కూ లేనిదాన్ని చేసుకున్నట్టు ఉండకూడదు. ఆయన అప్పుడే స్కూల్లో అందరికీ చెప్పుకుంటున్నారు, "మా బావమరిది చెబితేనే విమానాలు లేస్తాయి" అని. నేను సరిదిద్దలేదు, సంతోషంగా ఉన్నారు కదా అని.

పక్క గది దులిపించాను. నీ కాళ్ళు బయటికి రాకుండా పొడుగు దుప్పటి కొన్నాను.

పెళ్ళికూతురు (నవ్వావంటే చంపుతాను)


మార్చి 16

అక్కకి,

ఉత్తరం అందింది. సంతోషం.

టైంటేబుల్ మళ్ళీ చూశాను. కిందటిసారి నేను చెప్పిన పదిహేడు గంటలు ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చే విమానానికి. అది ఏప్రిల్‌లో వారానికి రెండు రోజులే ఉంటుంది, నీ తారీకుకి కుదరడం లేదు. మధ్యలో ఒక చోట దిగి, ఎనిమిది గంటలు కూర్చుని, ఇంకోటి ఎక్కాలి. మొత్తం ఇరవై ఎనిమిది గంటలు. పైగా ఆ రోజుల్లో పై గాలులు నిలకడగా ఉండవు. గాలికి నేను బాధ్యుణ్ణి కాదు కదా.

ఏప్రిల్‌లోనే మాకు కొత్త టైంటేబుల్ పని. మీ మరదలికీ సెలవు దొరకదు. ఆవిడకి కూడా ఈ విషయంలో అంతగా... సరే, అది వదిలెయ్.

ఆ డ్రైవరుగారి గురించి నాలుగు చోట్ల వాకబు చేశావా? పక్క సీట్లో కూర్చున్నంత మాత్రాన మనిషి తెలిసిపోతాడా? నేనేమీ అనడం లేదు. పెద్దదానివి. తొందరేముంది అంటున్నాను, అంతే.

నీ తమ్ముడు

తా.క. దుప్పటి అనవసరంగా కొన్నావు.


మార్చి 26

గాలికి బాధ్యుడు కాని తమ్ముడికి,

నాయనా, భూమి ఏమైనా ఉబ్బిందా? ఫిబ్రవరిలో పదిహేడు గంటలన్నావు. మార్చికల్లా ఇరవై ఎనిమిది అయింది. మధ్యలో జరిగిందల్లా నేను పెళ్ళి అన్న మాట రాయడం. ఆ ఒక్క మాటకి ఇంత ఎదురుగాలి లేస్తుందని మీ పైలట్లకి తెలుసో లేదో, వెళ్ళి చెప్పు.

మీ బావ పోయినప్పుడు నేను ఫోన్ చేసిన పదహారు గంటలకి నువ్వు గుమ్మంలో ఉన్నావు. సీట్లు లేవంటే విమానంలో పనిచేసేవాళ్ళ మడత కుర్చీలో, బాత్రూం పక్కన కూర్చుని వచ్చానన్నావు. కాళ్ళకి చూస్తే చెప్పులు రెండు జతలవి. చావుకి అలా వచ్చినవాడికి పెళ్ళికి దారెందుకు పెరిగిందిరా? నేను ఏడుస్తుంటే దగ్గరా, నవ్వుతుంటే దూరమా?

ఆయన డ్రైవరు కాదు, మాస్టారు. డ్రైవరైనా చేసుకునేదాన్నే. వాకబు కూడా చేశాను. నేను స్టీరింగ్ పట్టుకుని ఉండగా ఎదురుగా లారీ వస్తుంటే ఆయన మొహం చూశాను. అంతకన్నా పెద్ద వాకబు ఏదైనా ఉంటే చెప్పు.

మరదలికి "అంతగా" ఏమిటి? మాట సగం మింగి ఆవిడ మీదికి తోస్తావేం? నేనేం ద్రోహం చేశాను ఆవిడకి? ముందరి పన్ను విరిగిందంటే నాలుగు రోజులు కూర్చుని చేసి పంపింది నేను కాదూ? ఆ పన్నుతోనే కదా అందరి ముందూ నవ్వుతోంది! నా పెళ్ళనేసరికి ఇష్టం లేకుండా పోయిందా? ఉంటే ఆవిడనే రాయమను.

దుప్పటి వాపసు తీసుకోరట. కనక రా.

అక్క


ఏప్రిల్ 6

అక్కకి,

వెటకారంలో నీతో నేను గెలవలేను. ఒప్పుకుంటున్నాను.

మళ్ళీ చూశాను. నేను ఎనిమిది గంటలు ఆగాల్సిన ఊళ్ళో రన్‌వే మరమ్మతు మొదలుపెట్టారు. ఇప్పుడు రెండు చోట్ల దిగి ఎక్కాలి. రెండు రోజుల ప్రయాణం అవుతుంది. రానూ పోనూ నాలుగు రోజులు.

ఇంతవరకూ రాసి పెన్ను మూసేశాను. మళ్ళీ తీశాను.

నావల్ల కాదక్కా. చిన్నప్పుడు సైకిలు మీద కూర్చోబెట్టుకుని విమానాశ్రయం కంచె దగ్గరికి తీసుకెళ్ళి, ఇది ఎక్కడికి పోతోందో అది ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పింది బావ. ఈ ఉద్యోగానికి అర్జీ రాసిచ్చింది బావ. ఆయన కుర్చీలో ఇంకొకాయన కూర్చుని "కాఫీ తాగుతారా?" అంటే నేను ఏ మొహం పెట్టుకుని తాగను? నాకు బావ అంటే ఒక్కడే. ఈ వయసులో నీకు ఇదేం కోరిక? అక్క పెళ్ళికి వెళుతున్నానంటే ఆఫీసులో నవ్వరూ?

నిన్ను బాధ పెట్టాలని కాదు.

తమ్ముడు


ఏప్రిల్ 15

తమ్ముడికి,

ఇన్నాళ్ళకి ఒక నిజమైన ఉత్తరం రాశావు. అందుకు మెచ్చుకుంటున్నాను. ఇంక తిట్టనీ.

నీకు బావ ఒక్కడే. చాలా బాగుంది. ఆయన పోయినందుకు నాకన్నా నీకే ఎక్కువ దిగులుగా ఉంటే, పోనీ ఆయనకి విధవరాలిగా నువ్వే ఉండు. ఎనిమిదేళ్ళు నేను చేశాను ఆ ఉద్యోగం, ఇప్పుడు నువ్వు చెయ్యి. సాయంత్రం గోడలతో మాట్లాడు. జ్వరమొస్తే నువ్వే లేచి నీళ్ళు తెచ్చుకో. రెండు చపాతీలు చేసుకుని, ఒకటి తిని, ఒకటి పారెయ్యి. నీ ప్రేమకి నా చేత కాపలా కాయించకు.

ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోరు. దాని కాలు విరిగి నాలుగేళ్ళయింది. వచ్చి చూస్తే కదా తెలిసేది.

ఈ వయసులో కోరికేమిటని అడిగావు. ఇరవై రెండేళ్ళప్పుడు నీ కోరికేమిటని నన్నెవరూ అడగలేదురా. మీ బావ మంచివాడు కాబట్టి బతికిపోయాను. ఈసారి నేను ఎంచుకున్నాను. నాకు సిగ్గుగా లేదు, భయంగా లేదు, సంతోషంగా ఉంది. అది నా వాడెవడైనా ఒకడు చూడాలని ఉంది. అంతకుమించి నేనేమీ అడగడం లేదు.

పదకొండింటికి నీకు కుర్చీ వేయిస్తాను. నువ్వు రాకపోయినా వేయిస్తాను.

అక్క


ఏప్రిల్ 25

తమ్ముడికి,

పెళ్ళయింది.

నీ కుర్చీలో పళ్ళ డాక్టరు కూర్చున్నాడు. నా తరఫున సంతకం పెట్టి, రిజిస్ట్రారు నోటికేసి కాసేపు చూసి, తన కార్డు ఇచ్చి వచ్చాడు. పుట్టింటి పరువు ఆ విధంగా నిలబడింది. మాస్టారి తమ్ముళ్ళు "మీ తమ్ముడు రాలేదేం?" అని అడిగారు. "రెండు రోజుల ప్రయాణం, దారిలో రన్‌వే బాగాలేదు" అన్నాను. నీ అబద్ధం నా నోట పలికి నాకే చిరాకేసింది.

మర్నాడు మరదలి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పైన పసుపు పువ్వులు. లోపల అచ్చులో, "త్వరగా కోలుకోవాలని ఆశిస్తూ". కింద ఆవిడ చేత్తో, "వదినా, ఆపరేషన్ బాగా జరిగిందని తలుస్తాను. రాలేకపోయినందుకు ఆయన తెగ బాధపడుతున్నారు. బరువులు ఎత్తకండి."

ఆపరేషన్! ఓరి నీ దుంప తెగ!

పాపం ఆ పిల్ల మీద నెల రోజులుగా పళ్ళు నూరుతున్నాను. ఆవిడకి ఇష్టం లేకపోవడం కాదు, అసలు సంగతే తెలీదు. మాస్టారు కార్డు చూసి, "ఆపరేషనేమిటి?" అన్నారు. "మా వైపు పెళ్ళిని సరదాకి అలాగే అంటాం" అన్నాను. నమ్మారు. తీసుకెళ్ళి హాల్లో గోడకి తగిలించారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

మరదలికి జవాబు రాశాను, ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది, రోగి హుషారుగా ఉంది అని. నిన్ను పట్టివ్వలేదు. ఎందుకో నాకే తెలీదు.

కోలుకుంటున్న అక్క


మే 7

అక్కకి,

ఇంట్లో ఆ మాట చెప్పడానికి సమయం చిక్కలేదు. ఆవిడకి చెబితే సాయంత్రానికి వాళ్ళమ్మకి తెలుస్తుంది, తెల్లారేసరికి మిగతా అందరికీ తెలుస్తుంది. కొంచెం ఆగి చెబుదామనుకున్నాను. ఆ కార్డు హాల్లోంచి తీయించు, బాగుండదు.

శుభాకాంక్షలు. ఆయనకి కూడా చెప్పు. ఎప్పుడైనా మీరు ఇటు వస్తే తప్పకుండా కలుద్దాం. మరీ ఇంత దూరం కాబట్టి గానీ, దగ్గరైతే నేనే వచ్చి కలిసేవాణ్ణి.

నీ తమ్ముడు


మే 18

దగ్గరైతే వచ్చే తమ్ముడికి,

నీ నోటి చలవ! మాస్టారి కూతురు మా ఇద్దరికీ టికెట్లు పంపింది. జూన్ తొమ్మిదో తారీకు ప్రయాణం. నేను కావాలని ఏరుకోలేదు, విమానం మారేది మీ విమానాశ్రయంలోనే. అక్కడ అయిదు గంటలు ఖాళీ. బయటి హాల్లోకి రావడానికి కాగితాలు కూడా తీసుకున్నాం.

మీ ఆఫీసు ఆ భవనంలోనే కదా, కింద జనం, రెండో అంతస్తులో మీరు. నీకు సెలవక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు, గాలితో పని లేదు. పదకొండు వేల రెండు వందల కిలోమీటర్లూ నేనే వస్తున్నాను. నువ్వు లిఫ్టు దిగి రా. ఆయనతో ఒక కాఫీ తాగు. మనసారా కాకపోయినా నోటివరకైనా ఒక్కసారి బావా అను. మిగతావన్నీ నేను మరిచిపోతాను.

ఆయన నిన్ను కలవడానికని కొత్త చొక్కా కుట్టించుకున్నారు. ఇంట్లో ఉన్న నీ ఫోటో చూసి గుర్తుపట్టేస్తానంటున్నారు. అది ఉంగరాల జుట్టు నాటి ఫోటో. నీ బట్టతల సంగతి నేను బయటపెట్టలేదు.

అక్క


మే 29

అక్కకి,

ఎంత దురదృష్టమో చూడు. జూన్ ఎనిమిది నుంచి పన్నెండు దాకా నన్ను శిక్షణకి వేరే ఊరు పంపిస్తున్నారు. ఎంత చెప్పినా వినలేదు. చాలా దూరం, అయిదు గంటల ప్రయాణం. ఆయనకి నా తరఫున క్షమాపణలు చెప్పు. హాల్లో ఎడమ వైపు కాఫీ బాగుంటుంది.

నీ తమ్ముడు


జూన్ 11

తమ్ముడికి,

క్షేమంగా చేరాం. మాస్టారి కూతురు మంచి పిల్ల. నన్ను ఏమని పిలవాలో తెలీక వచ్చినప్పట్నుంచీ "ఇదిగోండి" అంటోంది. కుదురుకుంటుంది.

మీ విమానాశ్రయం సంగతి రాయాలి. బయటి హాల్లో కూర్చున్నాక, నీకోసం తెచ్చిన బిస్కెట్ల డబ్బా ఎవరికైనా ఇచ్చి వెళదామని కౌంటరు దగ్గరికి వెళ్ళాను. నీ పేరు చెప్పి, శిక్షణ నుంచి వచ్చాక ఇవ్వమన్నాను. ఆ అమ్మాయి, "శిక్షణేమిటండీ? పొద్దున నాకు గుడ్ మార్నింగ్ చెప్పి పైకెళ్ళారు. ఫోన్ చెయ్యమంటారా?" అంది. వద్దన్నాను. పొరపాటు పడ్డానన్నాను. డబ్బా వెనక్కి తెచ్చుకున్నాను.

వచ్చి రెండో అంతస్తు అద్దాలకి ఎదురుగా కూర్చున్నాను. మూడు గంటలు కూర్చున్నాను. నువ్వు రెండుసార్లు అద్దం దగ్గరికి వచ్చావు. మొదటిసారి చేతిలో కప్పు ఉంది. రెండోసారి నన్ను చూశావు. చూడలేదని మాత్రం రాయకు, నువ్వు చూశావని నాకు తెలుసు. అక్కడే నిలబడి ఉన్నావు, తరవాత లోపలికి వెళ్ళిపోయావు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పెళ్ళి రోజు రాలేదు గానీ, ఆ కుర్చీలో కూర్చుంటే ఆగలేదు. మాస్టారు అడిగితే ప్రయాణం బడలిక అన్నాను, మొహం కడుక్కొస్తానని లేచి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. నేను అటు వెళ్ళగానే ఎవరో ఒకాయన వచ్చాడట. బట్టతల, మెళ్ళో ఆఫీసు బ్యాడ్జీ వెనక్కి తిప్పి ఉందట. రెండు కాఫీలు తెచ్చిచ్చాడట. టికెట్లు చూపించమని తీసుకెళ్ళి, మాకు విడివిడిగా వచ్చిన సీట్లు పక్కపక్కన వేయించి తెచ్చాడట. ఇంకా ఎన్ని వేల కిలోమీటర్లు పోవాలో, గాలి ఎటు వీస్తుందో కూడా చెప్పాడట. నేను లోపల కొళాయి తిప్పుకుని ఏడుస్తుంటే మీరిద్దరూ బయట గాలి గురించి మాట్లాడుకున్నారన్నమాట.

మాస్టారు ఊరుకుంటారా? నీ గొప్పలన్నీ చెప్పారట ఆ మనిషికి. "మా బావమరిది ఇక్కడే పనిచేస్తాడు, పెద్ద ఉద్యోగం, ఇవాళే దూరం వెళ్ళాల్సి వచ్చింది, లేకపోతే అక్క వచ్చిందంటే ఆగే మనిషి కాడు" అని. ఆ మనిషి తల దించుకుని, "అవునండీ, చాలా దూరం" అన్నాడట. నేను వస్తుండడం చూసి, పనుందని గబగబా వెళ్ళిపోయాడట.

విమానంలో పక్కపక్క సీట్లలోనే కూర్చున్నాం. దారంతా మాస్టారు అదే మాట. "ఎంత మంచివాడు! ముక్కూ మొహం తెలీని వాళ్ళకి ఇంత చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? పేరైనా అడగలేదు చూడు" అని నొచ్చుకున్నారు.

దిగేముందు నా చెయ్యి పట్టుకుని అడిగారు, "నువ్వు వస్తూ చూసే ఉంటావు. ఎవరతను, నీకేమైనా తెలుసా?" అని.

తెలీదన్నాను.